ఇత్తడి రింగు అడిగే ఆయిల్

మాన్యువల్ గేర్‌బాక్సు ఉన్న స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లకు సర్వీసు దగ్గరపడగానే ఒక ప్రశ్న వస్తుంది: గేర్ ఆయిల్ ఏది మంచిది? దీనికి జవాబు వెతుకుతూ నేను మదనపల్లె, పుంగనూరు, కుప్పం షెడ్లు చూసి వచ్చాను. ఈ మూడు ఊళ్లనూ కలుపుతూ పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద స్పోర్ట్స్ కార్లు అరుదు. సెలవురోజుల్లో బెంగళూరు నుంచి హార్సిలీ హిల్స్ ఎక్కడానికి వచ్చేవి తప్ప పెద్దగా కనిపించవు. కానీ గేర్‌బాక్సు విప్పినప్పుడు లోపల ఏది అరిగిందో, ఎందుకు అరిగిందో కంటితో చూసే వీలు ఈ షెడ్లలో ఉన్నంతగా ఏ షోరూములోనూ ఉండదు. మదనపల్లె టమోటా మార్కెట్ ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. మండీలో వేలం పలికిన కాయ మెత్తబడకముందే చెన్నై చేరాలి. దారిలో మొగిలి ఘాట్. తిరుపతి మీదుగా పోతే భాకరాపేట ఘాట్. నిండా టమోటా బాక్సులు పేర్చుకున్న పికప్ ఆ వాలులో బ్రేకునే నమ్ముకుంటే డ్రమ్ములు కాలిపోతాయి. అందుకే డ్రైవరు మూడు నుంచి రెండుకు, రెండు నుంచి మళ్లీ మూడుకు మారుస్తూ ఇంజన్ పట్టు మీద బండి దించుతాడు. రేస్ ట్రాక్ మలుపుల్లో స్పోర్ట్స్ కారు నడిపేవాడు చేసేదీ అదే పని, ఇంకాస్త వేగంగా. రెండు చోట్లా దెబ్బ తగిలేది ఒకే ముక్కకు.

ఆ ముక్క సింక్రో రింగు. మదనపల్లె షెడ్డులో గోనెసంచి మీద పరిచిన గేర్ల మధ్య నుంచి మేస్త్రీ దాన్ని తీసి చూపించాడు. చేతి గాజంత ఇత్తడి రింగు, బయటి అంచున పళ్లు, లోపలి వైపు కొంచెం ఏటవాలు. ఆ ఏటవాలు మీద గోరు పెట్టి లాగితే సన్నటి గీతలు తగులుతాయి. రింగు వెళ్లి గేరు కోన్ మీద కూర్చునేటప్పుడు మధ్యలోని ఆయిల్ పొరను తెంచి పక్కకు నెట్టేవి ఆ గీతలే. పొర తెగితేనే రాపిడి పుడుతుంది, రాపిడి పుడితేనే గేరు వేగమూ షాఫ్టు వేగమూ కలుస్తాయి, కలిస్తేనే గేరు మెత్తగా పడుతుంది. అరిగిన రింగులో గీతలు చదునైపోయి అద్దంలా మెరుస్తున్నాయి. ‘ముందు పొయ్యేది ఎప్పుడూ రెండోదే సార్, దిగేటప్పుడు దాన్నే గదా వాడేది’ అన్నాడాయన. పక్కనే ట్రేలో దించిన పాత ఆయిల్ ఉంది. డ్రెయిన్ ప్లగ్ కొసన ఉన్న అయస్కాంతానికి బూడిదరంగు ముద్దలా ఇనుప రజను పట్టుకుంది. అది ప్రతి గేర్‌బాక్సులోనూ కొంత ఉండేదే. ఆయిల్లో తేలుతున్న బంగారు మెరుపు మాత్రం అయస్కాంతానికి అంటదు. అది ఇత్తడి. ప్లగ్ తుడిచేసి లోపల అంతా బాగుందనుకునేవాళ్లు చూడకుండా వదిలేసేది దాన్నే.

నేను చెప్పదలచుకున్నది ఈ రింగు నుంచే మొదలవుతుంది. గేర్‌బాక్సులో ఆయిల్ చేయాల్సిన పనులు రెండు, అవి ఒకదానికొకటి ఎదురు. పళ్ల మధ్య జారుడు ఉండాలి, రింగు దగ్గర పట్టు ఉండాలి. కాబట్టి మంచి ఆయిల్ అంటే ఎక్కువ జారేదీ కాదు, ఎక్కువ చిక్కనిదీ కాదు. లోపల ఏ లోహం ఉంది, ఏ రకం పళ్లున్నాయి అన్నదాన్ని బట్టే అది తేలుతుంది. డబ్బా మీద రాసే జీఎల్-4, జీఎల్-5 అన్న అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తరగతుల్ని చాలామంది బడి తరగతుల్లా చదువుతారు, అయిదు నాలుగుకు పైమెట్టు అన్నట్టు. జీఎల్-5 పుట్టింది వెనక ఇరుసు హౌసింగులోని హైపాయిడ్ క్రౌన్-పినియన్ కోసం. అందులో పినియన్ క్రౌన్ మధ్యగీతకు కాస్త పక్కగా కూర్చుంటుంది కాబట్టి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతూనే విపరీతంగా ఒరుసుకుంటాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర నిలవదు. అందుకే గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. అవి వేడికి ఉక్కుతో కలిసి పలచటి పొర కడతాయి, ఉక్కుకు బదులు ఆ పొర అరుగుతుంది. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు. ఉక్కును కాపాడే ఆ గంధకమే చురుకు ఎక్కువైతే రాగిని, రాగి కలిసిన ఇత్తడిని తినేస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఇప్పటి జీఎల్-5 ఆయిళ్లలో గంధకాన్ని అదుపులో పెట్టారు, రాగి పట్టీని 121 డిగ్రీల వేడి ఆయిల్లో మూడు గంటలు ముంచి చూసే పరీక్షలో అవి నెగ్గుతున్నాయి, ఇంకా భయమెందుకు అంటారు. ఇత్తడిని తినేస్తుందన్న భయం పాతకాలంతో పోలిస్తే తగ్గిన మాట నిజమే. అయినా రింగుకు కావలసింది తుప్పు పట్టకపోవడం ఒక్కటే కాదు, సమయానికి పట్టు దొరకడం కూడా. జీఎల్-5 ముద్ర కోసం చేసే పరీక్షలన్నీ ఇరుసు గేర్ల మీద, వేడికి ఆయిల్ చెడిపోవడం మీద, తుప్పు మీద, నురగ మీద. అందులో సింక్రో రింగును పరీక్షించే మెట్టే లేదు. అంటే ఆ ముద్ర మన రింగు గురించి మంచీ చెప్పదు, చెడూ చెప్పదు. జీఎల్-4 మాత్రం చెబుతుందా అని అడిగితే, దాన్ని నిర్ధారించే పాత పరీక్ష యంత్రాలు కొన్ని ఇప్పుడు దొరకడం లేదని ఆ తరగతులు పెట్టిన ఇన్‌స్టిట్యూటే ఒప్పుకుంటోంది. కాబట్టి చివరికి నిలబడేది, ఆ గేర్‌బాక్సును తయారుచేసి, తన రింగుల మీద తానే ఆయిల్ పరీక్షించుకున్న కంపెనీ మాన్యువల్లో రాసిన మాట. టమోటాలు మోసే ఆ పికప్‌లోనే చూడండి: ముందు గేర్‌బాక్సులో ఇత్తడి రింగులు, వెనక హౌసింగులో హైపాయిడ్. ఒకే డబ్బాతో రెండూ నింపితే పని తొందరగా అయిపోతుంది, ఆర్నెల్లకో ఏడాదికో రెండో గేరు గరగరమంటుంది. ఒకే డబ్బా పోసినా బాగానే తిరుగుతున్న బళ్లు లేవా అంటే ఉన్నాయి. రింగు ఒక్క రోజులో పోదు. మెల్లగా పోతుంది కనుకే తప్పు ఆయిల్‌ది అని ఎవరికీ తట్టదు, నింద డ్రైవరు చేతి మీద పడుతుంది.

రెండో అపోహ చిక్కదనం గురించి. ఎండాకాలం, ఘాట్ రోడ్డు, బరువు, కాబట్టి 140 నంబరు పోయాలని వాదించేవాళ్లు ఈ దారిలో చాలామందే. గేర్ ఆయిల్ నంబర్లూ ఇంజన్ ఆయిల్ నంబర్లూ వేర్వేరు కొలబద్దలు. వంద డిగ్రీల దగ్గర 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటిస్టోక్స్ లోపు. 40 నంబరు ఇంజన్ ఆయిల్‌ది 12.5 నుంచి 16.3 లోపు. అంటే రెండూ ఇంచుమించు పక్కపక్కవే. 140 మాత్రం 24తో మొదలవుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. ఇక్కడి చల్లగాలి మంచిదనే వందేళ్ల క్రితం పక్కనున్న ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం కట్టారు. అలాంటి ఊళ్లో ధనుర్మాసం తెల్లవారుజామున 140 పోసిన గేర్‌బాక్సులో రింగు గీతలు ఆ ముద్దను తెంచలేవు, మొదటి కొన్ని కిలోమీటర్లూ గేరు మొరాయిస్తుంది. స్పోర్ట్స్ కారు మాన్యువళ్లలో 75డబ్ల్యూ-90 తరచుగా కనిపించడానికి కారణం ఇదే. డబ్ల్యూ ముందున్న ఆ 75 కోసం చేసే పరీక్ష మైనస్ 40 డిగ్రీల దగ్గర జరుగుతుంది, ఆ చలి మనకు ఎన్నడూ రాదు. కానీ ఆ రకం ఆయిల్ సాధారణంగా 15 డిగ్రీల దగ్గరా 80డబ్ల్యూ-90 కంటే పలచగా కదులుతుంది, వేడెక్కాక మాత్రం అంతే చిక్కదనం నిలుపుకుంటుంది.

పుంగనూరులో చూసినవి ఎక్కువగా ట్రాక్టర్లు. పాతవాటిలో సింక్రో రింగులే ఉండవు, అక్కడ ఇత్తడి రింగు గొడవే లేదు. ఆయిల్‌లో మునిగి పనిచేసే బ్రేకులున్న కొత్తవాటిలో మాత్రం గేర్లకూ బ్రేకు పళ్లేలకూ ఒకటే ఆయిల్. మామూలు 90 పోస్తే బ్రేకు కీచుమంటుంది. ఇత్తడి లేకపోయినా లెక్క మారలేదు, పట్టు అడిగే ముక్క మాత్రమే మారింది.

కుప్పంలో గ్రానైట్ రాళ్లు మోసే లారీల హౌసింగుల ముందు నిలబడితే, చిక్కటి ఆయిల్ మీద ఆ డ్రైవర్లకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదని తెలుస్తుంది. అంత బరువుతో మెల్లగా తిరిగే ఇరుసుకు 85డబ్ల్యూ-140 సరైనదే. దాన్ని గేర్‌బాక్సు దాకా లాగడం దగ్గరే పొరపాటు. బలం ఎక్కువైతే ఆయిల్ చిక్కగా ఉండాలన్న మాట నిజమైతే షెవర్లే కార్వెట్ దాన్ని పాటించాలి. 1997లో వచ్చిన అయిదో తరం కార్వెట్‌లో 345 హార్స్‌పవర్ ఇంజన్, టీ-56 అనే ఆరు గేర్ల మాన్యువల్ బాక్సు. అందులో పోసేది ఆటోమేటిక్ బళ్లలో వాడే పలచటి డెక్స్‌రాన్ ఆయిల్. దాని రింగుల మీద ఉన్న రాపిడి పొరకు అదే సరిపోతుంది. అదే కారు వెనక డిఫరెన్షియల్‌లో మాత్రం 75డబ్ల్యూ-90 గేర్ ఆయిలే. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ దీనికి పూర్తి తలకిందులు. అందులో సింక్రో రింగులూ ముందు చక్రాల హైపాయిడ్ గేరూ ఒకే పెట్టెలో, ఒకే ఆయిల్లో తిరుగుతాయి. కనుక కంపెనీ జీఎల్-5నే చెబుతుంది, ఆ ఆయిల్‌కు తట్టుకునేలా పెట్టె తయారుచేసింది. జీఎల్-5 ఇత్తడికి విషం అన్న మాటను కంఠతా పట్టి అందులో జీఎల్-4 పోస్తే రింగు బతుకుతుంది, హైపాయిడ్ పళ్లు పోతాయి. షెడ్డు మాటనైనా సరే, లోపల ఏముందో చూడకుండా సూత్రంలా వాడితే నష్టమే.

మరి మాన్యువల్ లేని సెకండ్‌హ్యాండ్ బండికి ఏం చేయాలి? గేర్‌బాక్సు మీద పలక ఉంటుంది, దాని నంబరుతో కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగవచ్చు. ఆయిల్ దించేముందు పైన నింపే ప్లగ్ వదులవుతుందో లేదో చూసుకోవాలి. అది బిగుసుకుపోయి ఉండగా కింది ప్లగ్ తీస్తే బండి ఖాళీ బాక్సుతో షెడ్డులోనే నిలిచిపోతుంది. జీవితకాలం మార్చనక్కర్లేదు అని రాసిన బాక్సులకు కూడా ఈ ఘాట్లలో ఆ మాట వర్తించదని నా అభిప్రాయం. ట్రేలో తేలే ఇత్తడి పొడి ఆయిల్‌తో పాటే తిరుగుతూ బేరింగుల్లోకి చేరుతుంది. ఇక్కడి లారీలవాళ్లకు ఒక మంచి అలవాటు ఎప్పటినుంచో ఉంది: ఏ టైరులో ఎంత గాలి కొట్టాలో చక్రం పైన మడ్‌గార్డు మీద పెయింటుతో రాస్తారు. నింపే ప్లగ్ పక్కన కూడా అలాగే ఆయిల్ రకం, నంబరు, మార్చిన తేదీ రాయించాలి. హౌసింగు మీద ఒకటి, గేర్‌బాక్సు మీద ఒకటి, చీకట్లో టార్చి వేసి చూసినా కనబడేటంత పెద్ద అక్షరాలతో.