ఎక్స్‌రే ఆకాశానికి నాగారం దారి

మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌కు పదేళ్లు నిండాయి, దాని గురించి రాయమన్నారు సంపాదకులు. ఆ ఉపగ్రహాన్ని నడిపేది బెంగళూరు నుంచి. నేను మాత్రం హైదరాబాద్‌లో నాగారం దారి పట్టాను. అటు వెళ్తుంటే ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. మన దేశపు ఎక్స్‌రే ఖగోళశాస్త్రం హైదరాబాద్ ఆకాశంలో ఎదిగిందని ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు. నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ ఇది.

కేంద్రమంతా చూపిస్తామన్నారు గానీ బెలూన్లు తయారుచేసే చోటే ఆగిపోయాను. పొడవాటి బల్ల మీద ఉల్లిపొరలాంటి పాలిథిన్ పరిచి ఉంది. ఒక పెద్దాయన దాని అంచు వెంట వేళ్లు నడిపిస్తున్నాడు. చేతికి ఉంగరం లేదు, గడియారం లేదు, గోళ్లు మొదలంటా తీసి ఉన్నాయి. రెండు పట్టీలను వేడితో అతికించిన చోట ఆగి, వెలుతురులో చూసి, మళ్లీ తడిమి, అప్పుడు ముందుకు కదిలాడు. అతుకు సరిగా లేకపోతే పైన సున్నాకు డెబ్బై ఎనభై డిగ్రీలు దిగువనున్న చలిలో పొర చిట్లుతుంది. ఏళ్ల తరబడి తయారుచేసిన పరికరం దాంతోనే పోవచ్చు. అంత ఓపికగల చేతులను నేను చాలా అరుదుగా చూశాను.

నక్షత్రాల ఎక్స్‌రేలు నేల దాకా రావు, గాలి మింగేస్తుంది. నలభై కిలోమీటర్ల ఎత్తుకు పోతే వాటిలో బాగా శక్తి గలవి అందుతాయి. అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో హైదరాబాద్ మీద కాస్మిక్ కిరణాల రొద తక్కువ. 1968 ఏప్రిల్ 28న ఈ నగరం నుంచి లేచిన బెలూన్, వృశ్చిక రాశిలోని స్కార్పియస్ ఎక్స్-1 అనే ఎక్స్‌రే మూలాన్ని గమనించింది. తర్వాత జెనాన్ వాయువు నింపిన పెట్టెలు బెలూన్ల కింద వేలాడుతూ వెళ్లి కొలతలు తెచ్చాయి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని లాక్స్‌పీసీ అనే ఎక్స్‌రే పరికరం కూడా అలాంటి మూడు పెట్టెలే. ఒకదానిలో వాయువు కారిపోయి 2018లో దాన్ని ఆపేశారు. అయినా ఐదేళ్లకని పంపిన ఉపగ్రహం పదేళ్లు దాటింది.

"ఆ ఉపగ్రహం పేరు పిల్లలకు గూడ ఎరికే సార్. మేము యాదికొచ్చేది బెలూన్ చేన్ల పడ్డప్పుడే" అన్నాడు పెద్దాయన, బల్ల మీంచి తల ఎత్తకుండానే.

నిజమే. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద గోళం దిగితే జనం వింత వస్తువని ఎగబడ్డారు. ఇక్కడి బెలూనే దాన్ని పైకి మోసుకెళ్లింది. నాకు కోపం జనం మీద కాదు, యాభై ఏళ్లకు పైగా నెత్తిమీద సాగుతున్న పనిని వాళ్లకు తెలుగులో చెప్పని మా రాతగాళ్ల మీద.

అంతరిక్షంలో కారిన వాయువును మళ్లీ ఎవరూ నింపలేరు. బెలూన్ కింద కట్టిన పెట్టె పాడైతే దించి, బాగుచేసి, మళ్లీ పంపవచ్చు. రేపటి ఎక్స్‌రే పరికరాన్ని ముందుగా ఇక్కడ ఎగరేసి చూసుకోవాలి. అతుకు తడిమి తప్పు పట్టే ఆ విద్య కుర్రవాళ్లకు అందాలి. అది ఉపగ్రహం కన్నా చిన్న పనేమీ కాదు.

చివరగా పల్లెల్లో ఉన్న పాఠకులకు ఒక మాట. మీ చేలో పారాచూట్‌తో ఏదైనా పెట్టె దిగితే తెరవకండి, విడగొట్టకండి. దాని మీద చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పినా చాలు. సమాచారం ఇచ్చినవాళ్లకు బహుమతి కూడా ఇస్తారు.