డెర్బీషైర్‌కి మా నాన్న కోచ్!

కిందటి దసరాకి తెనాలి వెళ్తే అటక సర్దే పని నా నెత్తిన పడింది. ఇత్తడి బిందెలు, విరిగిన కుక్కర్ మూతలు, నా టెన్త్ గైడ్లు... వాటి మధ్యలో ఓ సీడీ. దాని మీద స్కెచ్ పెన్నుతో నా రాతే: 'కెప్టెన్ - ఎవరూ ముట్టుకోవద్దు'. దాని కింద బ్యాంకు లెడ్జర్ పుస్తకం ఒకటి. అందులో నాన్న రాత.

రెండూ పట్టుకుని అటక మీదే కూర్చుండిపోయాను. అమ్మ కింద నుంచి అరిచేదాకా దిగలేదు.

ఆ సీడీలో ఉన్నది 'ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్'. 1998లో ఇంగ్లండ్‌లో విడుదలైన కంప్యూటర్ ఆట. మా క్లాసులో ఒకడు కాపీ చేసి ఇచ్చాడు. అందులో బ్యాటు ఊపే పని లేదు, బంతి విసిరే పని లేదు. కెప్టెన్, కోచ్, సెలెక్టర్... మూడూ మనమే! ఓ ఇంగ్లిష్ కౌంటీ జట్టుని తీసుకుని, ఎవర్ని ఆడించాలి, ఎవరికి బంతివ్వాలి, ఫీల్డర్లని ఎక్కడ నిలబెట్టాలి, బ్యాట్స్‌మన్ ఎంత దూకుడుగా ఆడాలి అన్నీ మనమే చెప్పాలి. చెప్పాక చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి. అంతే. పిల్లల్ని పెంచడం లాంటిదే అనుకోండి!

బ్యాంకు వదిలిన వేసవి

అది 2001. నాకు పదమూడేళ్లు. ఆ రోజుల్లో ప్రభుత్వ బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. 15 ఏళ్ల సర్వీసు గానీ, 40 ఏళ్ల వయసు గానీ నిండినవాళ్లు తీసుకోవచ్చన్నారు. దేశం మొత్తమ్మీద లక్ష మందికి పైగా తీసుకున్నారు. వాళ్లలో మా నాన్న ఒకరు. వచ్చిన డబ్బులో కొంత అక్క పెళ్లికని దాచారు, కొంతతో ఇల్లు బాగుచేయించారు. మిగిలినదాంట్లో నాకో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నారు. 'వీడన్నా నేర్చుకోవాలి' అన్నారు. ఆ 'అన్నా'లో ఏముందో నాకప్పుడు తెలీదు.

నేను నేర్చుకున్నది ఈ ఆట!

జట్టుని ఎంచుకున్నది నాన్నే. 'డెర్బీషైర్ తీసుకోరా. 1991లో, 94లో మన అజర్ ఆడిన జట్టు' అన్నారు. ఆ జట్టు కౌంటీ చాంపియన్‌షిప్ గెలిచింది ఒకే ఒక్కసారి, అదీ 1936లో అని మా ఇద్దరికీ తెలీదు. తెలిసుంటే కాస్త తక్కువ తిట్టుకునేవాళ్లం.

నా కెప్టెన్సీ ఎలా ఉండేదంటే... ప్రతి బ్యాట్స్‌మన్‌కీ దూకుడు గీతని చివరిదాకా లాగేసేవాణ్ని. లంచ్‌కల్లా ఆలౌట్! నాన్న వెనక నుంచి 'ఒరేయ్, మొన్న మార్చిలో ఈడెన్‌లో ఏం జరిగింది? లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా నిలబడ్డారు. ఒక్క వికెట్ పడలేదు, 335 పరుగులొచ్చాయి. ముందు కుదురుకోనివ్వరా' అనేవారు. గీత సగానికి తగ్గించాను. ఆ ఇన్నింగ్స్‌లో మొదటిసారి మూడొందలు దాటాం.

అప్పట్నుంచి నాన్న కుర్చీ నా పక్కకి వచ్చేసింది. మధ్యాహ్నం కరెంటు పోతుందేమోనని పది ఓవర్లకోసారి 'సేవ్ చేశావా?' అని అడిగేవారు. ప్రతి మ్యాచ్ స్కోరూ పాత లెడ్జర్లో వరసలు గీసి రాసుకునేవారు. కంప్యూటరే అన్నీ గుర్తుపెట్టుకుంటుంది కదా నాన్నా అంటే, 'దాని లెక్క దానిది, నా లెక్క నాది' అనేవారు.

ముప్పై నాలుగేళ్ల ముసలాడు

మా జట్టులో ఫిలిప్ డిఫ్రీటస్ అని పేస్ బౌలర్ ఉండేవాడు. ఇంగ్లండ్ తరఫున 44 టెస్టులాడి 140 వికెట్లు తీసినవాడు. ఆటలో మూడు సీజన్లు గడిచేసరికి అతని వయసు 34. సీజన్ చివర్లో ఎవరి కాంట్రాక్టు పొడిగించాలో, ఎవర్ని వదిలెయ్యాలో అడుగుతుంది. నేను ఒక్క నొక్కు నొక్కి డిఫ్రీటస్‌ని తీసేశాను.

'వాణ్నెందుకు తీశావురా?'

'ముసలాడయ్యాడు నాన్నా. ఆ డబ్బుతో కుర్రాణ్ని తెచ్చుకోవచ్చు.'

'ఓవర్‌కి అందరికన్నా తక్కువ పరుగులిచ్చింది వాడే. ఇదుగో, లెక్క చూడు.'

'లెక్కలెందుకు? వయసు కనిపిస్తోందిగా! ముసలాళ్లని పెట్టుకుంటే జట్టు బాగుపడదు.'

నాన్న లెడ్జరు మూసి వరండాలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత వారం రోజులు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. తలనొప్పేమో అనుకున్నాను. నేను తెచ్చుకున్న కుర్రాడు ధారాళంగా పరుగులిచ్చాడు, ఆ సీజన్లో మేం అట్టడుగున నిలిచాం. నాన్న 'చెప్పానా' అని కూడా అనలేదు.

జర్నలిజం డిప్లొమాకి హైదరాబాద్ బయల్దేరే ముందు రోజు రాత్రి అమ్మ అసలు సంగతి చెప్పింది. పేరుకి స్వచ్ఛందమే. కానీ, 'కంప్యూటర్లొస్తున్నాయి, మీలాంటి పెద్దవాళ్లకి కష్టం, ఇప్పుడే తీసుకుంటే మర్యాద' అని ఆఫీసులో నాన్నకి రోజూ వినిపించేవారట. ఇరవై ఆరేళ్లు చేత్తో లెడ్జర్లు రాసిన మనిషి. ఒక్కరోజు కూడా నగదు తేడా రాలేదు. 'నేర్పించి చూస్తే కదా, రాదో వచ్చో తెలిసేది' అని ఒకే ఒక్కసారి అన్నారట. తనని ఇంటికి పంపిన ఆ వస్తువునే, వచ్చిన డబ్బుతో నాకు కొనిచ్చారు. దాని ముందు కూర్చుని నేనన్న మాట అది!

తర్వాత ఇన్నేళ్లలో ఆ మాట ఎత్తే ధైర్యం నాకు రాలేదు.

మొన్న సంక్రాంతికి, మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడి పుణ్యమాని, ఆ పాత ఆట నా ల్యాప్‌టాప్‌లో ఎలాగో పని చేసింది. తెనాలి తీసుకెళ్లాను. నాన్నకిప్పుడు డెబ్బై అయిదు. కళ్లజోడు సర్దుకుని తెరకేసి చూసి, 'వీడున్నాడా ఇంకా?' అన్నారు. డిఫ్రీటస్!

'నాన్నా, నిజం డిఫ్రీటస్ 1999తో డెర్బీషైర్ వదిలేశాడు. 2000లో లెస్టర్‌షైర్‌కి వెళ్లి, అక్కడ ఇంకా కొన్ని సీజన్లు ఆడాడు.'

'చూశావా, నా లెక్క తప్పలేదు' అంటూ నవ్వారు.

'ఆ రోజు నేను తప్పు చేశాను నాన్నా.'

ఒక్క క్షణం నా వంక చూశారు. 'డిఫ్రీటస్ విషయంలోనా?'

'ఆ... డిఫ్రీటస్ విషయంలోనే.'

'పోన్లేరా, చిన్నపిల్లాడివి' అని నా వీపు తట్టారు. లెడ్జర్లో కొత్త పేజీ తీసి వరసలు గీయడం మొదలుపెట్టారు.

కనుమ రోజు మా సీజన్ పూర్తయింది. చాంపియన్‌షిప్ మాట అటుంచండి, చివరి నుంచి లెక్కపెడితే అయిదో స్థానం. కాంట్రాక్టుల దగ్గరికి రాగానే మౌస్ నాన్న చేతిలో పెట్టాను. వణికే వేలితో ఆయనే నొక్కారు. డిఫ్రీటస్ మాతోనే ఉన్నాడు!

ఈ ఆట ఇప్పటికీ కొత్త కొత్త రూపాల్లో వస్తూనే ఉంది, ఫోన్లోనూ ఆడుకోవచ్చు. 'కొత్తది కొనమంటారా?' అని అడిగాను.

నాన్న లెడ్జర్లోంచి తలెత్తకుండానే అన్నారు... 'కొత్తదెందుకురా? పాతది బాగానే ఆడుతోందిగా!'