కువైట్ పూల పొట్లం

మా చిన్నమ్మ కువైట్ నుంచి వచ్చిందంటే కల్లూరులో మా ఇంటికి పండగే. మొన్నటిసారి ఖర్జూరాలు, అత్తరు సీసాల మధ్య ఓ పొట్లం కూడా తెచ్చింది. విప్పితే ఎండిన చిట్టిచిట్టి పూలు. పచ్చటి బొడిపె, చుట్టూ తెల్లరేకులు.

"ఏం చిన్నమ్మా, ఇంత దూరం నుంచి వయ్యారిభామ పూలు మోసుకొచ్చినావా?" అన్నాను. 

"బాబూనజ్ నాయనా ఇది! మా మేడమ్ రోజూ పండుకునేముందు తాగుతాది. అక్కకు నిద్ర పట్టదంటివి కదా, అందుకే తెచ్చినా" అంది కోపంగా.

పక్కింటి దాదీ చూసి, "అరె, బాబూనా!" అంది. యునాని వైద్యంలో దీనికి అదే పేరు. పారసీ మాట అది. అరబ్బులు దాన్నే బాబూనజ్ చేసుకున్నారు. ఈజిప్టువాళ్ల నోట అది బాబూనెగ్. ఇంగ్లిషులో కామొమైల్. దీని మూలం గ్రీకులో ఉంది, అర్థం 'నేల ఆపిల్'. నేలబారు మొక్కకు ఆపిలేమిటి అనుకున్నాను గానీ, వేడినీళ్లలో చెంచాడు పూలు వేసి పది నిమిషాలు మూతపెట్టి తీస్తే, నిజంగానే ఆపిల్ వాసన!

కడుపుబ్బరానికీ, నిద్రకూ చాలా దేశాల్లో దీన్ని తాగుతారు. నిద్ర విషయంలో గట్టి రుజువులు తక్కువే. అమ్మకు మాత్రం నచ్చింది.

మూడోరోజు రాత్రి అమ్మ మంచం పక్కన స్టూలు మీద కప్పూ, మాత్రా పక్కపక్కనే కనిపించాయి. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచీ అమ్మ రోజూ వేసుకునే వార్ఫరిన్ అది, రక్తం గడ్డకట్టకుండా. ఎందుకో అనుమానమొచ్చి డాక్టరుకు ఫోన్ చేశాను. "వెంటనే ఆపించండి. రేపే రక్తపరీక్ష చేయించండి" అన్నారాయన. 2006లో కెనడా వైద్య పత్రిక ఒకటి ఇలాంటి సంగతే రాసింది. వార్ఫరిన్ వాడుతున్న డెబ్బయ్యేళ్ల ఆవిడ దగ్గు తగ్గుతుందని ఈ టీ తాగింది, ఈ పూలతో చేసిన లోషనూ రాసుకుంది. చివరికి లోపల రక్తస్రావమై ఆస్పత్రిలో చేరింది.

అమ్మ పరీక్ష ఫలితం బాగానే వచ్చింది. హమ్మయ్య!

అన్నట్టు, నా వెక్కిరింత మరీ తప్పేం కాదు. వయ్యారిభామ, చామంతి, ఇదీ ఒకే కుటుంబం. వాటితో ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు దీనికీ దూరంగా ఉండాలి.

చిన్నమ్మ రెండురోజులు ముఖం మాడ్చుకుంది. పొట్లం తిరిగి తన పెట్టెలో పెట్టేసుకుంది. మూడోనాటి రాత్రి అమ్మ పక్కనే మంచం వాల్చుకుని, నిద్రపుచ్చుతానంటూ కువైట్ ముచ్చట్లు మొదలుపెట్టింది. తెల్లారేదాకా ఇద్దరూ పడుకోలేదు.