పావుగంటకోసారి పొద్దుగూకే ఊరు

ముందు వీధిలో ఓ దీపం వెలిగింది. ఆ తర్వాత ఎదురింటి కిటికీ. ఆ వెనకే స్టేషన్, చౌరస్తా. చూస్తుండగానే చీకటి పడి, ఊరంతా మిలమిలా మెరిసిపోయింది. ఆ ముచ్చట తీరకముందే తెల్లారిపోయింది! ఎందుకంటే, అక్కడ ఓ పగలూ రాత్రీ కలిపితే పావుగంటే.

ఆ వింత ఊరు ఉన్నది జర్మనీలోని హాంబర్గ్‌లో. ఒకప్పుడు కాఫీ, టీ, సుగంధద్రవ్యాలు నిల్వచేసిన ఎర్ర ఇటుకల గోదాముల పేటలో కొలువైన బొమ్మ రైళ్ల ప్రపంచం... మినియేచర్ వండర్‌లాండ్. 2000లో జ్యూరిక్‌లో ఓ బొమ్మ రైళ్ల దుకాణం చూసిన ఫ్రెడరిక్ బ్రౌన్‌కి చిన్ననాటి కల గుర్తొచ్చింది. కవల సోదరుడు గెరిట్‌నీ ఒప్పించాడు. 2001 ఆగస్టులో తలుపులు తెరిచారు.

కిటికీలోనే కథంతా

ఇక్కడ అన్నీ అసలులో 87వ వంతే. మనిషి రెండు సెంటీమీటర్లు, ఎనిమిది మీటర్ల వీధిస్తంభం తొమ్మిది సెంటీమీటర్లు. దీపాలు మాత్రం దాదాపు 5 లక్షలు!

చిన్న ఇంట్లో దీపం పెట్టడం అంత తేలికేం కాదు. ప్లాస్టిక్ గోడలోంచి వెలుగు బయటికొస్తే ఇల్లు కాస్తా లాంతరైపోతుంది. అందుకే బొమ్మ ఇళ్లు కట్టేవాళ్లు గోడలకు లోపల నల్లరంగు వేస్తారు. అట్టముక్కలతో గదులు విడదీసి, గదికో ఎల్‌ఈడీ అమరుస్తారు. దానికి కరెంటు ఎక్కువైతే మాడిపోతుంది. 12 వోల్టుల సరఫరాకి తెల్ల ఎల్‌ఈడీ కలపాలంటే మధ్యలో 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాల్సిందే. వెంట్రుకల్లాంటి తీగల్ని రంధ్రంలోంచి బల్ల కిందికి దించుతారు. ఎక్కడ ఏది తెగినా, బల్ల కింద దూరి వెతుక్కోవాలి.

ఇంత కష్టం ఎందుకంటే... అన్ని కిటికీలూ ఒక్కసారే వెలిగితే అది బొమ్మే. ఒక్క కిటికీలోనే దీపం ఉంటే మాత్రం, లోపల ఎవరో మేలుకుని ఉన్నారనిపిస్తుంది. పగలు రైళ్ల వెంట పరిగెత్తే చూపు, రాత్రి కాగానే ఆ కిటికీ దగ్గర ఆగిపోయేది అందుకే.

జర్మనీ వెళ్లేవారు బౌమ్‌వాల్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. రద్దీ ఎక్కువ కాబట్టి టికెట్ ముందే తీసుకోవడం మేలు. ఒక్క రాత్రి చూసి తిరిగొచ్చేయకండి. పావుగంట ఆగితే మరో సాయంత్రం!