దాత

మా నాన్నగారి అంబాసిడర్ ఎస్టేటు కారు కొత్తవలసలో మా పెరటి చింతచెట్టు కింద పన్నెండేళ్ళు పడివుంది. చిన్నప్పుడు దాని వెనక తలుపు తెరుచుకు కూర్చుని, కిరండూల్ నించి వచ్చే ఖనిజం రైళ్ళకు పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం.

మొన్న మెకానిక్ వచ్చి స్క్రూడ్రైవరుతో పొడిచాడు. కారు నేల అప్పడంలా విరిగింది!

"అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయిందండీ. ఇంకోటి కొని విప్పితేగాని ఇది బతకదు. ఇంజనూ, గేరుపెట్టే, ముందు తలుపులూ రెంటికీ ఒకటే. వెనక తలుపు మాత్రం రేకు కొట్టి చెయ్యాలి" అన్నాడు.

విజయనగరంలో పాత టాక్సీ ఒకటి దొరికింది. దాని ముసలి డ్రైవరు ఎవరిచేతో నడిపించుకుని తెచ్చాడు. చూశారా, అది తనంతట నడిచి వచ్చింది, మాది కదల్లేదు.

"బతికున్నదాన్ని కోసి చచ్చినదాన్ని లేపుతారా?" అంది మా ఆవిడ. నాకు జవాబు తోచలేదు.

ముసలాయన విన్నాడు. "నాకు చూపు ఆనడం నేదమ్మా. తుక్కు కొట్టువాడు కేజీల లెక్కన అడిగినాడు. బాబుగారు కారని అడిగినారు. ఇచ్చీసినాను" అన్నాడు.

దాని నేల కోసి దీనికి అతికారు. ఇంజను మార్చారు. ఆరు నెలలకు మా కారు లేచింది.

మొదటిరోజున ఆయన్నే ముందు సీట్లో కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. రైలుగేటు ఎత్తుమీద ఇంజను మూలిగింది.

"గేరు మార్చీండి బాబూ, దానికి ఆయాసంగా వుంది" అన్నాడు.