కూసొని తాగే చాయ్

కొత్త ఊళ్లో బస్సు దిగగానే గుడి ఎక్కడ, బజారు ఎక్కడ అని అడిగేవాళ్లుంటారు. నేను చాయ్ ఎక్కడ బాగుంటుందని అడుగుతాను. ఆటో తమ్ముడు టక్కున చెప్తాడు. "ఆడోళ్లు కూసునే జాగ ఉంటదా తమ్మీ?" అని వెంటనే రెండో మాట అడిగితే మాత్రం ఆలోచనలో పడతాడు. ఉత్తర తెలంగాణలో ఏ ఊరికి పోయినా ఇదే తంతు.

కరీంనగర్‌లో చాయ్‌కి కరువు లేదు. టవర్ సర్కిల్ చుట్టూ, కమాన్ దగ్గర, బస్టాండు ఎదురుగా, మంచిర్యాల చౌరస్తాలో పొద్దు పొడవక ముందే పాలు మరుగుతుంటాయి. మా దిక్కు హోటల్ అంటే ముందు చాయ్ హోటలే, అన్నం హోటల్ ఆ తర్వాత. ఇరానీ పద్ధతిలో కాచేవాళ్లు డికాషన్‌ను మూత బిగించి సన్నటి సెగ మీద దమ్ముకు పెడతారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. అందుకే ఆ చాయ్‌లో పాల కమ్మదనం, ఆకు వగరు నాలుకకు విడివిడిగా తెలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కెటో, ఖారీయో ఉంటే ఇంకేం కావాలి! అల్లం దంచి వేసి పాలు, నీళ్లు, పొడి, చక్కెర అన్నీ ఒక్క గిన్నెలోనే పొంగించే బండి చాయ్ ఇంకో రకం. వాన పడేటప్పుడు నాకు ఈ బండి చాయే కావాలి.

అయితే చాయ్ రుచి ఒక్కటే చాలదు, నిమ్మళంగా కూర్చోనివ్వాలి. గ్లాసు ఖాళీ అయినా గల్లా మీది సేటు మన వైపు చూడకూడదు. పేపరు ఒకటే వస్తుంది. దాన్ని విడదీసి తలా ఒక పేజీ పట్టుకుంటారు. జిల్లా పేజీ ఎవరి చేతిలో ఉందో వాళ్ల చుట్టూ ముచ్చట మొదలవుతుంది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికులు చెవుల్లో ఆ చప్పుడు తగ్గేదాకా బెంచీ మీద మాట్లాడకుండా కూర్చుంటారు. గోదావరిఖనిలో పొద్దున్నే గనిలోకి దిగబోయేవాళ్లు, రాత్రి షిఫ్టు చేసి పైకొచ్చినవాళ్లు ఒకే హోటల్లో ఎదురుపడతారు. వాళ్లలో సగంమందికి అది రోజుకు మొదటి చాయ్, మిగతా సగానికి చివరిది. జగిత్యాల దిక్కు పోతే దుబాయ్ నుంచో, మస్కట్ నుంచో సెలవుకు వచ్చినవాళ్లు కనిపిస్తారు. అక్కడి డబ్బా పాల కరక్ చాయ్ గురించి చెప్తూనే ఇక్కడి గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటారు.

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు రెండు తొవ్వలున్నాయి. ఆర్మూర్, నిర్మల్ మీదుగా పోయేది ఒకటి. ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూర్ మీదుగా కవ్వాల్ అడవిలోంచి పోయేది నా తొవ్వ. జన్నారం దాటాక హోటళ్లు చిన్నవవుతాయి. తాటాకుల పందిరి, కట్టెల పొయ్యి, రెండు బల్లలు. పొయ్యి దగ్గర చాలాచోట్ల ఆడమనిషే ఉంటుంది. "లోపటికి రా అక్కా, కూసో. గాలి కొడ్తంది" అంటుంది. కట్టెల పొగ వాసన కొద్దిగా చాయ్‌కీ పడుతుంది. అది నాకు తప్పుగా తోచదు. ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. దొరికితే ఒకటి కొనుక్కొని చాయ్‌తో తినండి, మళ్లీ బిస్కెట్ అడగరు.

ఆదిలాబాద్‌లో పొద్దుటి చాయ్‌కి తోడు పోహా. పెన్‌గంగ దాటితే మహారాష్ట్రే కాబట్టి పోహా, సాబుదానా ఖిచ్డీ ఇక్కడ సొంత ఇంటి తిండి అయిపోయాయి. ఒకే బెంచీ మీద తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండీ, లంబాడీ వినపడతాయి. చాయ్ చెప్పడానికి ఎవరికీ ఎవరి భాషా అడ్డు రాదు. ఈ జిల్లాలో చలికాలం రాత్రులు ఐదు డిగ్రీల దాకా దిగిన సందర్భాలున్నాయి. ఆ చలిలోనే పత్తి మార్కెట్‌కు రైతులు రాత్రికి రాత్రి బండ్లు తోలుకొచ్చి వరుసలో నిలబెడతారు. పత్తిలో తేమ 8 శాతం దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొననే కొనదు. మంచు కురిసిన తెల్లవారుజామున తేమ ఎక్కువ చూపిస్తుంది. ఎండ పడేదాకా రైతు చేయగలిగింది ఏమీ ఉండదు. చాయ్ తాగుతాడు. ఇంకో చాయ్ తాగుతాడు. మార్కెట్ ముందు హోటళ్లు చీకటితోనే తెరుచుకునేది ఇందుకే. కప్పు ఖాళీ చేశావు, ఇక లే అని వాళ్లను ఎవరూ అనరు.

ఆ పత్తిని చేనులో ఏరింది ఎక్కువగా ఆడవాళ్లు. హోటల్ బెంచీ మీద వాళ్లు కనిపించరు. వచ్చినా పార్సిల్ కట్టించుకొని ఆటో దగ్గరికి పోయి నిలబడి తాగుతారు. నన్ను బాగా కలతపెట్టేది ఇదే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. కూతురి ఊరికి, దవాఖానకు, కేస్లాపూర్ నాగోబా జాతరకు వాళ్లే గుంపులుగా బయల్దేరుతున్నారు. బస్సు నిండా ఆడవాళ్లే. బస్టాండులో దిగి చాయ్ దగ్గరికి వచ్చేసరికి బెంచీల నిండా మగవాళ్లే. ఒకసారి ఒక పెద్దావిడను సేటు "అమ్మా, లోపల జాగ లేదు, బయట తాగండి" అన్నాడు. లోపల రెండు బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఆమె మారు మాట్లాడకుండా బయటికి నడిచింది. నాకు ఇప్పటికీ కోపమే.

చాయ్ హోటల్లో కూర్చోనివ్వకపోవడం కొత్తది కాదు. మన ఊళ్లలో దళితులకు వేరే గ్లాసు ఉండేది, దాన్ని తాగినవాళ్లే కడిగి చూరులో పెట్టిపోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో అంటరానితనంపై వేసిన జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో నివేదిక ఇచ్చేనాటికి కూడా ఈ రెండు గ్లాసుల పద్ధతి ఊళ్లలో మిగిలే ఉంది. దానికి ఎదురు నిలబడ్డవాళ్లు బెంచీ మీద కూర్చొని, అందరి గ్లాసులోనే చాయ్ అడిగారు. అంతకన్నా పెద్ద పోరాటం అక్కర్లేదు, అంతకన్నా చిన్నదీ సరిపోదు. ఆడవాళ్ల సంగతీ అంతే. 2015లో పాకిస్తాన్‌లోని కరాచీలో కొందరు అమ్మాయిలు రోడ్డు పక్క ధాబాల్లో కూర్చొని చాయ్ తాగుతూ ఫోటోలు పెట్టారు. "గర్ల్స్ ఎట్ ధాబాస్" అని పేరు పెట్టుకున్నారు. సరిహద్దుకు అటూ ఇటూ ఆడవాళ్లు అడిగింది ఆ బెంచీనే.

ఇప్పుడు కరీంనగర్‌లో కొత్త కేఫ్‌లు వచ్చాయి. ఆదిలాబాద్‌లోనూ మెల్లగా వస్తున్నాయి. మెత్తటి కుర్చీలు, పసుపు దీపాలు, గోడ మీద మొక్కలు. కాలేజీ అమ్మాయిలు గంటసేపు నవ్వుకుంటూ కూర్చుంటారు, వాళ్లను ఎవరూ తేరిపార చూడరు. దీన్ని ఫ్యాషన్ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మా వయసువాళ్లకు ఆ గంట దొరకలేదు. కానీ అక్కడ ఒక్క కాఫీకి పెట్టే డబ్బుతో హోటల్లో ఇంటిల్లిపాదీ చాయ్ తాగొచ్చు. పత్తి ఏరే మనిషి ఆ అద్దాల తలుపు తోయదు. పాత హోటల్లో పేదవాడికి చోటుంది, ఆడమనిషికి లేదు. కొత్త కేఫ్‌లో ఆడపిల్లకు చోటుంది, పేదరాలికి లేదు.

హోటల్ సేట్లు పెద్ద ఖర్చు పెట్టనక్కర్లేదు. రెండు బల్లలు లోపలికి, ఫ్యాను కిందికి జరిపితే చాలు. గొళ్లెం పడే మరుగుదొడ్డి ఒకటి ఉండాలి. కూర్చున్న అన్నలు కొంచెం జరగాలి. అక్కలారా, ఈసారి ఆదిలాబాద్ బస్సు దిగాక పార్సిల్ చెప్పకండి. ఇద్దరు ముగ్గురు కలిసి లోపలికి పొండి, కూసోండి, "మూడు చాయ్ ఇయ్యి తమ్మీ" అని గట్టిగా చెప్పండి.