తెల్ల మైకు

నెల రోజుల కిందట ఒక ఆదివారం, పోపు మాడినంత సేపట్లో నోరు జారాను. ఆ కథే ఇది.

మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. మంచివాళ్లే. అబ్బాయి వాళ్లమ్మగారు ఫోన్లో ఆ మాటా ఈ మాటా చెబుతూ, "అమ్మాయి పెళ్లయ్యాక కూడా ఉద్యోగం చేస్తుందాండీ?" అని అడిగారు. ఆవిడ అడిగిన తీరులో తప్పేమీ లేదు. నేనే ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చారులోకి ఆవాలు వేయిస్తూ, "దానిదేముందండీ, పెళ్లయ్యాక మానేస్తే మానేస్తుంది" అనేశాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది.

అది నాలుగేళ్లు కష్టపడి జపనీస్ నేర్చుకుంది. ఎన్2 పరీక్ష రెండోసారికి పాసయింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఒక కంపెనీలో జపాన్ వాళ్ల కాగితాలు తర్జుమా చేస్తుంది. ఆ రోజు గొడవ పెట్టుకోలేదు, ఏడవలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. దాని అరుపులకైతే నా దగ్గర జవాబు ఉంటుంది కానీ మౌనానికి ఏం చెప్పను?

మూడో రోజు రాత్రి నేను పాలు తోడు పెడుతుంటే ఫోను పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఇది చూడు" అంది.

పెద్ద హాలు. తెల్ల గౌను వేసుకున్న అమ్మాయి కన్నీళ్లతో పాడుతోంది. పాట అయిపోయాక చేతిలోని తెల్ల మైకుని స్టేజి మధ్యలో నేలమీద మెల్లగా పెట్టి, వెనక్కి నడిచి వెళ్లిపోయింది. ఆ మైకు ఒక్కటే అక్కడ మిగిలింది.

"ఈవిడ పేరు యమగుచి మొమొయే. 1980 అక్టోబరు 5, టోక్యోలో బుడోకాన్ హాలు. అప్పటికి 21 ఏళ్లు. పెళ్లి చేసుకోబోతూ మానేసింది. పెళ్లయ్యాక మళ్లీ ఎప్పుడూ స్టేజి ఎక్కలేదు." కాసేపాగి అడిగింది, "నువ్వు పాట మానేసింది ఇలాగేనా అమ్మా?"

చెప్పలేదు కదూ, నేను పాడేదాన్ని. విజయవాడ రేడియోలో లలిత సంగీతం. నాకు 22 ఏళ్లప్పుడు పెళ్లయింది. ఆ తర్వాత పాడలేదు. దానికి ఆ రాత్రి నేనేమీ చెప్పలేకపోయాను. "పొద్దుపోయింది, పడుకో" అన్నాను.

కానీ ఆ తెల్ల మైకు నన్ను వదల్లేదు. రోజూ సాయంత్రం అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక కొంచెం కొంచెంగా ఆవిడ కథ అడిగి చెప్పించుకున్నాను. మా ఇద్దరి మధ్య మాటలు మొదలైంది అలాగే.

మొమొయే 1959 జనవరిలో పుట్టింది. పెరిగింది యొకొసుక అనే నౌకాదళపు ఓడరేవు ఊళ్లో. తండ్రికి వేరే కుటుంబం ఉంది. తల్లే ఇద్దరాడపిల్లల్ని ఇంటి దగ్గర చిన్నాచితకా పనులు చేసి పెంచింది. ఈ అమ్మాయి బళ్లో చదువుకుంటూనే సెలవుల్లో పేపర్లు వేసింది. అప్పట్లో టీవీలో 'స్టార్ టాంజో' అని కొత్త గాయకుల్ని ఎంపిక చేసే కార్యక్రమం వచ్చేది. అందులో తన వయసుదే అయిన మొరి మసాకో పాడటం చూసి నేనూ పాడగలననుకుంది. 1972 డిసెంబరులో పోటీలో రెండో స్థానం వచ్చింది. అంతకుముందు జడ్జీల్లో ఒక పెద్ద రచయిత, నీకు పాట కన్నా సీరియల్లో చెల్లెలి వేషం నయం అన్నాడట. మన దగ్గర పాటల పోటీల్లో పిల్లల మొహాలు చిన్నబోవడం మీరూ చూసే ఉంటారు.

1973 మేలో మొదటి రికార్డు వచ్చేనాటికి ఆమెకు 14 ఏళ్లు. అదే పోటీలోంచి వచ్చిన మొరి మసాకో, సకురదా జుంకోలతో కలిపి 'తొమ్మిదో తరగతి త్రయం' అని చెప్పుకునేవారు.

ఇక్కడ నాకు తల్లిగా కడుపులో తిప్పిన సంగతి ఒకటుంది. ఆ వయసు పిల్లకి పెద్దవాళ్లు రాసిచ్చిన పాటలు రెండర్థాలవి. 1974లో వచ్చిన పెద్ద హిట్ పాట, ఆడపిల్ల తన అత్యంత విలువైనదాన్ని ఇచ్చేస్తానన్న అర్థంలో సాగుతుంది. అప్పటికి ఆమెకు 15 ఏళ్లు. విలేకరులు పనిగట్టుకుని "అంటే ఆ విలువైనది ఏంటి?" అని అడిగేవాళ్లట. ఆ పిల్ల జవాబు ఒకటే మాట, "మగొకొరొ". అంటే మనసారా ఉండే నిజాయితీ. పళ్లికిలించి అడిగిన మగవాళ్ల నోళ్లు అలా మూతపడ్డాయి. ఎవరు నేర్పారమ్మా నీకు అనిపించింది.

అదే ఏడాది సినిమా. నోబెల్ అందుకున్న కవబత యసునారి కథ 'ఇజు నర్తకి'లో ఊరూరా తిరిగి ఆడే బృందంలో చిన్న నర్తకి వేషం. పక్కన హీరో మియురా తొమొకజు అనే కొత్త కుర్రాడు. తర్వాత వాళ్లిద్దరూ వరసగా జంటగా నటించారు. టీవీలో 'ఎర్ర' అనే మాటతో పేర్లు మొదలయ్యే సీరియళ్లు వచ్చాయి. వాటిలో రక్త క్యాన్సర్ వచ్చిన అమ్మాయి కథ తర్వాత చైనాలో కూడా ఇంటింటా ఏడిపించిందట.

నాకు బాగా నచ్చింది ఆవిడకి 17 ఏళ్లప్పటి సంగతి. ఉజకి ర్యూదో అనే రాక్ సంగీతకారుడి పాటలు నచ్చి, ఆయన చేత తనకి పాట చేయించమని తనే అడిగింది. ఆయన బాణీ కట్టాడు, ఆయన భార్య అకి యోకో పాట రాసింది. ఆవిడ పెరిగింది యొకొహామాలో. అలా 1976లో 'యొకొసుక స్టోరీ' వచ్చింది. అక్కణ్ణుంచి ఆ భార్యాభర్తలు ఈ అమ్మాయి నోట పెట్టిన ఆడది బేల కాదు, నిలదీసి అడిగే మనిషి. ఒక పాటలో ఎర్ర పోర్షే కారు నడుపుకుంటూ పోతుంది. ఎన్‌హెచ్‌కేలో ప్రకటనలు కూడదు కాబట్టి అక్కడ "ఎర్ర కారు" అని మార్చి పాడించారట. ఇది విని మావారు కూడా పేపరు పక్కనపెట్టి నవ్వారు.

1979 అక్టోబరులో ఒసాకా కచేరీ మధ్యలో, తను ప్రేమిస్తున్నది మియురానే అని ప్రేక్షకులకి తనే చెప్పేసింది. మరుసటి మార్చిలో పెళ్లి, విరమణ రెండూ ప్రకటించింది. నవంబరు 19న పెళ్లి. ఆ సెప్టెంబరులోనే తన జీవితం గురించి పుస్తకం రాసింది, పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. తండ్రి గురించి, ఇంటి గురించి దాచకుండా రాసింది. స్వతంత్రురాలంటే తన బతుకులో ఏది ముఖ్యమో తెలిసిన మనిషి, అది ఉద్యోగమైనా ఇల్లైనా సరే అన్నది అందులో ఆవిడ మాటల సారం.

అమ్మాయి ఇంకోటి చెప్పింది. జపాన్‌లో పెళ్లికోసం ఉద్యోగం మానడానికి 'కొతొబుకి తైషా' అని ప్రత్యేకంగా పేరుందట. 'కొతొబుకి' అంటే శుభం. శుభమా అని ఉద్యోగం మానడం! "అందరూ మానేవాళ్లు అమ్మా, అదే ఆచారం. అందుకే ఆవిడ మానితే కొంతమంది మెచ్చుకున్నారు, కొంతమంది ఆడవాళ్లు బాధపడ్డారు."

"నువ్వేమంటావు?" అని అడిగాను.

"ఆవిడ మానిందా, మానలేదా అన్నది కాదమ్మా. తేదీ ఆవిడే పెట్టుకుంది. అందరికీ ఆవిడే చెప్పింది. ఆవిడ బదులు ఇంకొకరు వంటింట్లోంచి ఫోన్లో చెప్పలేదు."

చురుక్కుమంది. దెప్పినా నిజమే చెప్పింది.

ఆ రాత్రి నిద్ర పట్టక నా పాట ఎక్కడ ఆగిందా అని వెతుక్కున్నాను. అత్తయ్యగారు వద్దన్నారా? లేదు, పండక్కి పేరంటాళ్ల ముందు నన్నే పాడమనేవారు. మావారు ఆపారా? పాపం, ఆయనకి నా గొంతు ఇష్టం. పెళ్లయిన కొత్తలో రేడియో నుంచి రికార్డింగుకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ వారం ఇంటికి చుట్టాలొచ్చారు. తర్వాత వెళ్దామనుకున్నాను. ఆ తర్వాత కడుపుతో ఉన్నాను, ఆపైన పిల్లల బడి, బదిలీలు. ఫలానా రోజున పాట మానేశానని చెప్పడానికి నాకు తేదీ లేదు. నేను మైకు ఎక్కడా పెట్టలేదు. ఎక్కడో జారిపోయింది, ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

అంతకన్నా భయపెట్టింది ఇంకొకటి. నా పాట ఎలా జారిపోయిందో, నా కూతురి ఉద్యోగాన్ని కూడా అలాగే, అంత తేలిగ్గా, పోపు గరిటె పట్టుకుని జార్చేశాను. దానిదేముందండీ అని. అందులో దాని నాలుగేళ్లున్నాయి.

ఇల్లు చూసుకోవడం తక్కువని నేననను. ఇన్నేళ్లూ నేను చేసింది అదే, దానికి సిగ్గుపడను. మొమొయే కూడా ఆ తర్వాత ఇంట్లోనే ఉంది. ఫొటోగ్రాఫర్లు వెంటపడినా, మళ్లీ పాడమని ఎంతమంది అడిగినా రాలేదు. ఇద్దరు కొడుకులు. ఒకరు గాయకుడు, ఒకరు నటుడు. ఆవిడ చేతిపని నేర్చుకుని ఏళ్ల తరబడి క్విల్టులు కుట్టింది. అరవై ఏళ్ల వయసులో, 2019లో, వాటి ఫొటోలతో పుస్తకం వేసింది. గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టే ఆ పని మన బొంతల్లాంటిదే, కాకపోతే చాలా నాజూకు. మా అమ్మమ్మ పాత చీరలతో బొంత కుట్టేటప్పుడు ఏ ముక్క పక్కన ఏది రావాలో ఎవరినీ వేలు పెట్టనిచ్చేది కాదు. అది గుర్తొచ్చింది.

చివరగా ఒక పాట. 1977లో సదా మసాషి రాసిన 'అకిజకురా'. రేపు పెళ్లయి వెళ్లిపోయే కూతురు, ముందురోజు తల్లితో గడిపే మధ్యాహ్నం. తల్లి పాత ఆల్బం తిరగేస్తూ చెప్పిందే చెబుతూ ఉంటుంది. పాడేనాటికి మొమొయేకి 18 ఏళ్లు, ఆ బాధ అంతగా అర్థం కాలేదట. స్టేజి వదిలే రోజున, ఇప్పుడర్థమైందని రచయితకి కబురు పంపిందట. అమ్మాయి ఒక్కో మాటకీ అర్థం చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అబ్బాయి వాళ్లమ్మగారికి నేనే ఫోన్ చేశాను. ఈసారి స్టవ్ ఆపేసి, హాల్లో కూర్చుని. "వదినగారూ, మొన్న ఉద్యోగం సంగతి నేను తొందరపడి చెప్పానండీ. ఆ మాట నాది, మా అమ్మాయిది కాదు. అది మానదలుచుకోలేదు. ఇంకేదైనా అడగాలంటే దాన్నే అడగండి" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆవిడ, "మంచిది వదినగారూ, మావాడితో మాట్లాడి చెబుతాను" అన్నారు.

నెల కావస్తోంది, ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే పోనివ్వండి.

నిన్న సాయంత్రం అమ్మాయి 'అకిజకురా' పల్లవి నాకు నేర్పిస్తోంది. తెలుగులో రాసుకున్నాను, ఉచ్చారణ ఇంకా కుదరడం లేదు. పైస్థాయిలో గొంతు జీరపోయింది. "మళ్లీ అనమ్మా" అంది. మళ్లీ అన్నాను.